అత్తయ్యగారి షాట్ల పుస్తకం

నేను ఐస్ హాకీ ఆడతానని చెప్పగానే మావాళ్లు ముందు నా ముఖం వంక, తర్వాత నా మోకాళ్ల వంక చూస్తారు. నలభై దాటాక ఇదేం పోయేకాలం అని అడగరు, మర్యాదస్తులు కదా. "ఇన్సూరెన్స్ కవర్ చేస్తుందా?" అని మాత్రం అడుగుతారు.

నేనేం కలలుగని చేరలేదు. అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా ఇంటికి దగ్గర్లోనే స్కేటింగ్ చేసే ఒక ఐస్ రింక్ ఉంది. మా అమ్మాయి స్కేటింగ్ నేర్చుకుంటానని అక్కడికి రెండు నెలలు వెళ్లి మానేసింది. ఆమెను దింపి, మళ్లీ తీసుకెళ్లే దాకా గంటసేపు కూర్చోవడం విసుగేసి నేనూ అద్దె స్కేట్లు కట్టుకునేదాన్ని. ఆమె మానేసింది, నేను మానలేదు. రెండేళ్లు తిరిగేసరికి ఆడవాళ్ల లీగ్‌లో అన్నిటికన్నా కింది డివిజన్ టీమ్‌లో తేలాను. ఆ డివిజన్ కింద ఇంకో డివిజన్ లేదు. పార్కింగ్ లాటే.

మా కెప్టెన్ యాభై ఏళ్లావిడ, స్కూల్ బస్ నడుపుతుంది. టీమ్‌లో ఒక డెంటిస్ట్ ఉంది, ఉత్తరాలు పంచే ఒక పోస్ట్‌వుమన్ ఉంది. వరంగల్ నుంచి వచ్చిన నా స్నేహితురాలు కూడా ఉంది. ఆమెది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. నన్ను చూసి, నేను బతిమాలితే చేరింది. ఆ సంగతి టీమ్‌లో ప్రతి ఒక్కరికీ నేను కనీసం రెండుసార్లు చెప్పి ఉంటాను.

ఆట తెలియనివారికి ఒక్క విషయం చెప్పాలి. ఐస్ మీద గోల్‌కీపర్ కాక ఐదుగురు ఉంటారు. అందులో ముందుండి దాడి చేసే ముగ్గురిని కలిపి ఒక లైన్ అంటారు. ఆ పరుగు మనిషిని పిండేస్తుంది కాబట్టి ఏ లైనూ ముప్పావు నిమిషం మించి ఐస్ మీద ఉండదు. వాళ్లు బెంచీకి వస్తారు, ఇంకో ముగ్గురు గోడ దూకి వెళతారు. ఆట ఆగదు, మనుషులే మారుతుంటారు. మాకు మూడు లైన్లు ఉండేవి. ఎవరి పక్కన ఎవరు ఆడాలన్నది కెప్టెన్ ఇష్టం. మా కెప్టెన్ దానికొక పద్ధతి పెట్టుకుంది: ఒకే కార్‌లో వచ్చినవాళ్లంతా ఒకే లైన్. అలా నేను మధ్యలో, నాకు ఎడమన నా స్నేహితురాలు, కుడివైపు మా పక్క వీధిలో ఉండే పోస్ట్‌వుమన్.

ఆ ఏడు మొదటి ఐదు ఆటలూ ఓడిపోయాం. ఐదో ఆట అయ్యాక లాకర్ రూమ్‌లో కెప్టెన్ మాకు గుండెధైర్యం తక్కువైందని ఉపన్యాసం ఇచ్చింది. నాకు ఒళ్లు మండింది. నా ఉద్యోగం మందుల ట్రయల్స్‌లో స్టాటిస్టిక్స్ చూడటం. రోగికి మందు వల్ల నయమైందా, లేక ఆ రోగి తనంతట తనే కోలుకున్నాడా అన్నది తేల్చడం. అక్కడ ఎవరైనా "గుండెధైర్యం" అని రిపోర్ట్‌లో రాస్తే సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది.

"ఎవరి పక్కన ఎవరు ఆడితే బాగుంటుందో నేను లెక్క తీసి చెబుతాను" అన్నాను లేచి నిలబడి. లేచి నిలబడటం అవసరం లేదు, ఊపులో నిలబడ్డాను.

"సరే. కానీ నువ్వు పంపేది రెండు పేజీలు దాటితే చదవను" అంది కెప్టెన్, కాలికి కట్టుకున్న ప్యాడ్లు ఊడదీసుకుంటూ.

గోల్స్ లెక్కపెడితే లాభం లేదు. అవి ఆటకి రెండో మూడో పడతాయి, అందులో సగం అదృష్టం. అందుకే పెద్ద లీగుల్లో గోల్ మీదికి కొట్టిన షాట్లు లెక్కపెడతారు. ఫలానా లైన్ ఐస్ మీద ఉన్నంతసేపూ మనం ఎన్ని కొట్టాం, అవతలివాళ్లు మన మీద ఎన్ని కొట్టారు అని చూస్తారు. మనవే ఎక్కువుంటే ఆ లైన్ మంచిది, లేకపోతే కాదు. వాళ్లకి కెమెరాలూ కంప్యూటర్లూ ఉంటాయి. మాకు ఒక మనిషీ, ఒక నోట్‌బుక్కూ కావాలి. నేను ఐస్ మీద ఉంటాను కాబట్టి ఆ మనిషి నేను కాకూడదు.

మొదట మా ఆయన్ని కూర్చోబెట్టాను. పాపం బుద్ధిగానే రాశాడు. కాకపోతే ఆ రోజు రెండు టీములవీ నీలం జెర్సీలే. సగం ఆట దాకా అవతలి టీమ్‌కి లెక్క రాశాడు. "వాళ్లు బాగా ఆడుతుంటే మీరే అనుకున్నా" అన్నాడు. అది పొగడ్తగా తీసుకోవాలేమోనని కాసేపు ఆలోచించాను.

అప్పటికి మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చి నెల అయింది. ఆవిడ రిటైరయిన లెక్కల టీచరు. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్పి, ఎండాకాలాలన్నీ టెన్త్ పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో గడిపిన మనిషి. గ్రేస్ మార్కు అన్న మాట ఆవిడ ముందు ఎత్తితే, లంచం అన్న మాట విన్నట్టు చూస్తుంది. అమెరికాలో ఆవిడకి పని లేదు. కొడుకు ఇంట్లోనే ఉంటాడు, కానీ పొద్దస్తమానం కాల్స్‌లో ఉంటాడు. మనవరాలు గదిలోంచి రాదు. యూట్యూబ్‌లో సీరియళ్లు కూడా అయిపోయాయి.

"ఏమిటమ్మా ఆ లెక్క, నాకు చెప్పు" అంది ఒకరోజు భోజనాల దగ్గర.

చెంచాలు మనుషులుగా, ఆవకాయ సీసా మూత పక్‌గా పెట్టి చూపించాను. పక్ అంటే బంతికి బదులు వాడే నల్లటి రబ్బరు బిళ్ల. ఆవిడ అన్నం కలపడం ఆపి చూసింది.

"కొట్టింది గోల్ పక్కనుంచి పోతే షాటేనా?"

"షాటే అత్తయ్యా. ప్రయత్నం చేశారు కదా."

"మధ్యలో ఎవరో అడ్డుపడితే?"

"అదీ షాటే."

"అంత దూరం నించి గుడ్డిగా కొట్టిందీ, గోల్ ముందుకొచ్చి కొట్టిందీ ఒకటేనా మరి? ఒక మార్కు ప్రశ్నకీ, ఐదు మార్కుల ప్రశ్నకీ తేడా లేదా?"

నేను చెంచా కింద పెట్టాను. షాట్ ఎక్కణ్నుంచి కొట్టారో చూసి దానికి తగ్గ బరువు ఇవ్వడం అనేది ఈ ఆట గణాంకాల్లో పెద్ద మెట్టు. దాని మీద జనం ఏళ్ల తరబడి తలలు బద్దలుకొట్టుకున్నారు. ఈవిడ పప్పు చల్లారేలోగా అక్కడికి వచ్చేసింది. దూరపు షాట్‌కి చుక్క, దగ్గరి షాట్‌కి సున్నా అని అప్పటికప్పుడు ఒప్పందం చేసుకున్నాం.

మా ఆటలు ఆదివారం పొద్దున్నే ఉంటాయి. అత్తయ్య చీర మీద స్వెటరు, దాని మీద రెండు శాలువాలు, తలకి మా ఆయన మంకీ క్యాప్, కాళ్లకి సాక్సులూ నా పాత స్నీకర్లూ వేసుకుని రింక్ చుట్టూ ఉండే అద్దం వెనక మొదటి వరసలో కూర్చునేది. ఒళ్లో పొడుగాటి రూళ్ల పుస్తకం, ముక్కు మీద కళ్లజోడు. పక్కనున్నవాళ్లు ఎవరు అరిచినా తల తిప్పేది కాదు. రెండో వారం రిఫరీ ఆటకి ముందు ఆవిడ దగ్గరికెళ్లి నమస్కారంలాంటిది పెట్టి వచ్చాడు. లీగ్ ఆఫీస్ నుంచి తనిఖీకి వచ్చారనుకున్నాడట. ఆ రోజు పెనాల్టీలన్నీ చాలా న్యాయంగా ఇచ్చాడు.

ఆరు వారాలు అలా రాసింది. ఆ తర్వాతి ఆదివారం ఆట లేదు. మధ్యాహ్నం ఆ పుస్తకం ముందేసుకుని అంతా లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ముందు లైన్ల లెక్క వచ్చింది. మా లైన్ మూడింటిలోకీ అధ్వాన్నం. సరే, ముగ్గురిలో ఎవరివల్లో చూద్దామనుకున్నాను. దానికో పద్ధతి ఉంది. ఇద్దరు కలిసి ఆడినప్పుడు ఎలా ఉంది, విడివిడిగా ఆడినప్పుడు ఎలా ఉంది అని పోల్చడం. మా టీమ్‌లో ప్రతి వారం ఎవరో ఒకరు రారు, మనుషులు అటూ ఇటూ మారుతుంటారు. అందువల్ల పోల్చడానికి సరిపడా సరుకుంది.

నా స్నేహితురాలు నా పక్కన ఉన్నప్పుడు షాట్లన్నీ మా గోల్ మీదికే. నేను లేనప్పుడు అదే మనిషి ఉంటే షాట్లన్నీ అవతలి గోల్ మీదికి. పోస్ట్‌వుమన్‌దీ అదే వరస. ఒకసారి డెంటిస్ట్ నా పక్కన ఆడింది, ఆవిడా మునిగింది. ఒకసారి స్వయానా కెప్టెన్ ఆడింది, ఆవిడా మునిగింది. నన్ను ఎవరి పక్కన పెట్టినా ఫలితం ఒకటే. మందుల ట్రయల్‌లో ఇలాంటి ఫలితం వస్తే ఆ మందు వెంటనే ఆపించేస్తాం.

ముందు లాప్‌టాప్‌ని అనుమానించాను. తర్వాత అత్తయ్యని.

"అత్తయ్యా, నా జెర్సీ పదిహేడో నంబరు, నా స్నేహితురాలిది ఏడు. ఆ దూరం నుంచి పక్కనున్న ఒకటి కనపడక ఒకళ్లది ఇంకొకళ్లకి పడి ఉంటుందా?"

ఆవిడ కొత్తిమీర తరుగుతోంది. కత్తి ఆపింది. "నా కోడలు ఎవరో నాకు తెలియదా?"

"అదికాదు..."

"ఒక ఏడు మా చెల్లెలి కొడుకు లెక్కల్లో ఫెయిలయ్యాడు. ఆ పేపరు దిద్దింది నేనేనని తర్వాత తెలిసింది. మా చెల్లెలు రెండేళ్లు మాట్లాడలేదు. ముందే తెలిసుంటే మార్చేదానివా అని అడిగింది. మార్చేదాన్ని కాదన్నాను. అందుకే ఆ కోపం రెండేళ్లుంది, లేకపోతే ఆర్నెల్లలో పోయేది" అని మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

ఇక నేను చేసింది చెప్పాలి. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

బలమైన టీమ్‌లతో ఆడిన ఆటలకి తగ్గింపు ఇవ్వాలి కదా అనుకున్నాను. ఇచ్చాను. అది న్యాయమే. ఆట మా గోల్ దగ్గర మొదలయ్యేటప్పుడు కెప్టెన్ మమ్మల్నే ఎక్కువగా పంపేది, దానికీ సర్దుబాటు చేయాలి కదా. చేశాను. అదీ న్యాయమే. తర్వాత ఒక ఆటలో ఐస్ సరిగ్గా గట్టిపడలేదని గుర్తొచ్చింది. ఆ ఆట తీసేశాను. ఇంకో ఆటలో నాకు జలుబు. అదీ తీసేశాను. ఒక్కో మార్పు చేయడం, నా పేరు జాబితాలో ఎంత పైకి పాకిందో చూడటం. పాకితే ఉంచడం, జారితే "ఈ సర్దుబాటు ఇక్కడ వర్తించదు" అనుకోవడం. ఆఫీసులో ఎవరైనా ఈ పని చేస్తే ఎర్రగీతలు పెట్టి, చాలా మర్యాదగా, చాలా పొడుగ్గా ఈమెయిల్ రాసేది నేనే. సాయంత్రం టీ వేళకి నేను జాబితా మధ్యకి చేరాను. కిందకి ఎవరో ఒకరు చేరాలి కదా, పోస్ట్‌వుమన్ చేరింది.

రెండు పేజీలు రాసి కెప్టెన్‌కి పంపాను. పోస్ట్‌వుమన్‌ని కెప్టెన్ లైన్‌లోకి మార్చాలి, మా లైన్‌లోకి డెంటిస్ట్ రావాలి అని సలహా. ఒక గ్రాఫ్ కూడా పెట్టాను. గ్రాఫ్ చాలా అందంగా వచ్చింది.

కెప్టెన్ అలాగే చేసింది. ఆ ఆదివారం చిత్తుగా ఓడిపోయాం. మా లైన్ ఐస్ మీదికి వెళ్లిన ప్రతిసారీ మా గోల్‌కీపర్ ముఖంలో రంగులు మారేవి. డెంటిస్ట్ ఆట అయ్యాక బెంచీ మీద కూలబడి, "నాకేదో జబ్బు చేసినట్టుంది, రేపు డాక్టర్‌కి చూపించుకోవాలి" అంది. అటుపక్క కెప్టెన్ లైన్‌లో పోస్ట్‌వుమన్ రెండు గోల్స్ కొట్టింది. మా టీమ్ మొత్తానికి ఆ రోజు పడినవి ఆ రెండే.

ఆ రోజు ఆవిడ తన కార్‌లోనే వచ్చింది. పార్కింగ్ లాట్‌లో నా కార్ దగ్గరికి వచ్చింది. గోల్స్ కొట్టిన సంతోషం ఏమీ లేదు.

"నిజంగా నా వల్లే మన లైన్ దెబ్బతింటోందని నంబర్లు చెప్పాయా?" అని అడిగింది. "తిట్టుకోను, తెలుసుకుందామని."

"చెప్పాయి" అన్నాను.

ఆవిడ తలూపి వెళ్లిపోయింది. బ్యాగ్ కార్‌లో పెట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది ఆవిడకి. నేను చూస్తూ నిలబడ్డాను, సాయం చేయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అత్తయ్య ముందు సీట్లో, నా స్నేహితురాలు వెనక. ఆమె కాళ్ల దగ్గర మా ఇద్దరి తడి సాక్సులూ ఉన్నాయి. అత్తయ్య ఆ వాసన గురించి ఏమీ అనేది కాదు, అద్దం కొంచెం దించేది.

"ఆ పోస్టావిణ్ని వేరే లైన్‌లోకి ఎందుకు మార్చారు?" అంది అత్తయ్య.

"లెక్కలో అలా వచ్చింది అత్తయ్యా."

"ఏ లెక్కలో? నేను రాసిన దాన్లో ఆవిడ బాగానే ఆడుతోంది."

"రాసినది రాసినట్టు వాడరు. దాన్ని అడ్జస్ట్ చేయాలి."

అత్తయ్య పూర్తిగా నా వైపు తిరిగింది. "అడ్జస్ట్‌మెంటా? గ్రేస్ మార్కులా?"

వెనక నుంచి నా స్నేహితురాలు పకపకా నవ్వింది. నవ్వి, ఆగింది. "ఏందే? నీకు నువ్వే ఏస్కున్నవా గ్రేస్ మార్కులు?"

ఇండియన్ గ్రోసరీ స్టోర్ ఎదురుగా వస్తే, పాలు కొనాలన్నట్టు లోపలికి తిప్పి కార్ ఆపాను. ఇంజిన్ ఆపేసి, స్టీరింగ్ వంక చూస్తూ మొత్తం చెప్పేశాను. తీసేసిన ఆటలూ, నా జలుబూ, పోస్ట్‌వుమన్‌ని కిందికి తోయడం, పార్కింగ్ లాట్‌లో చెప్పిన అబద్ధం.

"అసలు లెక్కలో తేలింది ఒక్కటే. నా పక్కన ఎవరు ఆడినా మునుగుతున్నారు. నువ్వు కూడా. నేను లేకపోతే నువ్వు చాలా బాగా ఆడుతున్నావు" అన్నాను.

"నాకెర్కనే" అంది నా స్నేహితురాలు.

"ఏం ఎరుక?"

"నువ్వు బయటికి రావు గదనే. అందరు ముప్పావు నిమిషంల వచ్చి కూసుంటరు. నువ్వు ఇంకొకసారి, ఇంకొకసారి అనుకుంట ఆణ్నే ఉంటవు. నడిమిట్లది నువ్వు రాకపోతే నేనూ ఆమే ఎట్లొస్తం? నీతోనే ఉంటం. ఊపిరాడదు. గప్పుడు వాళ్లు మన మీదికొస్తరు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్తనే ఉన్న. నువ్వు హెల్మెట్ల నించి ఇంటలేవు."

నేను నమ్మలేదు. నాకు అంతసేపు ఉన్నట్టే అనిపించేది కాదు. అప్పుడు అత్తయ్య సంచీలోంచి పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది. ప్రతి పేజీలోనూ కుడిపక్క మార్జిన్‌లో పెన్సిల్‌తో సన్నగా, జంటలు జంటలుగా టైములు రాసి ఉన్నాయి. ఆరు వారాలు ఆ పేజీలు చూశాను. ఆవిడ గడియారం చూసి ఏదో గుర్తు పెట్టుకుందనుకున్నాను తప్ప పట్టించుకోలేదు.

"ఇవేమిటి?"

"నువ్వు లోపలికి వెళ్లిన టైమూ, బయటికి వచ్చిన టైమూ."

"అందరివీ రాశారా?"

"అందరివీ నాకెందుకూ, నీవే. వచ్చి కూర్చున్నప్పుడల్లా నీ ముఖం కందగడ్డలా ఉండేది. ఎక్కడ పడిపోతావో అని భయమేసి చూస్తూ ఉండేదాన్ని. చూస్తున్నాను కదాని రాశాను" అంది.

అక్కడే, స్టోర్ ముందు, కార్‌లో కూర్చుని వేలితో టైములూ చుక్కలూ సున్నాలూ కలుపుకుంటూ పోయాను. వాళ్లు చెప్పిందే. ఒక్కోసారి ఆ ముప్పావు నిమిషానికి రెండింతలు ఉన్నాను. మొదట్లో షాట్లు మావి. చివర్లో సున్నాలన్నీ మా గోల్ ముందు.

"మొదటి అర నిమిషం నువ్వు ఫర్వాలేదు" అంది అత్తయ్య, జాలిపడి. "తర్వాత నిలబడి చూస్తున్నావు, టికెట్టు కొన్నదానిలాగా."

ఎందుకు రాలేకపోయేదాన్నో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. వారం మొత్తంలో ఫోన్ నా చేతిలో లేని గంట అదొక్కటే. ఇంట్లో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు, ఆఫీసులో ఎవరో ఒకరు పింగ్ చేస్తూనే ఉంటారు. ఐస్ మీద నన్ను ఎవరూ పిలవరు, పిలిచినా హెల్మెట్‌లోంచి వినపడదు. బెంచీ మీదికి వస్తే ఆ గంటలోంచి కొంత తగ్గినట్టు ఉండేది. ఆ గంట నా ఒక్కదానిదే అనుకున్నాను. నాతోపాటు ఇద్దరు అక్కడే చిక్కుకుపోతున్నారన్న సంగతి నా తలకెక్కలేదు.

ఇంటికెళ్లి ఏ సర్దుబాటూ లేని పట్టిక కెప్టెన్‌కి పంపాను. ముందు పంపింది తప్పు అనీ, తెలిసే చేశాననీ రాశాను. ఒక్క పేజీ కూడా రాలేదు. కెప్టెన్ జవాబు ఒక్క వాక్యం: "ఇది చదవడం చాలా తేలికగా ఉంది."

తర్వాతి ఆదివారం లాకర్ రూమ్‌లో పోస్ట్‌వుమన్ ముందుకెళ్లి నిలబడ్డాను. ఆవిడ స్కేట్ తాళ్లు బిగించుకుంటోంది. ఆ రోజు నేను చెప్పింది అబద్ధమనీ, నంబర్లు చెప్పింది నా గురించేననీ చెప్పాను. ఆవిడ తలెత్తకుండా రెండో కాలు కూడా బిగించుకుంది.

"ఇన్నేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచుతున్నాను" అంది చివరికి. "మా కుక్క కరవదు అని చెప్పే ప్రతి ఒక్కరూ అచ్చం నీలాగే, ఎంతో నమ్మకంగా చెబుతారు."

"సారీ" అన్నాను.

"సరే. కానీ ఈ సీజన్‌లో నీ పక్కన ఆడను."

అందులో అడగాల్సిందేమీ లేదు. కెప్టెన్ లైన్లు మళ్లీ కలిపింది. నా స్నేహితురాలు, పోస్ట్‌వుమన్, డెంటిస్ట్ ఒక లైన్. డెంటిస్ట్ అప్పటికే డాక్టర్‌కి చూపించుకుని, ఏమీ లేదని చెప్పించుకుని, కారణం తెలిశాక నన్ను ఒక చూపు చూసి ఊరుకుంది. నన్ను కెప్టెన్ తన పక్కనే పెట్టుకుంది. ముప్పావు నిమిషం కాగానే "దిగు!" అని అరిచేది. స్కూల్ బస్‌లో చివరి సీటు దాకా వినపడేలా అరిచి అరిచి రాటుదేలిన గొంతు అది. హెల్మెట్ ఆ గొంతుని ఏమీ చేయలేకపోయింది. మొదటి రెండు వారాలు నాకు ఏడుపొచ్చేది. బెంచీ మీద కూర్చుని, ఇంకా శక్తి ఉంది కదా అని పళ్లు కొరుక్కునేదాన్ని. మూడో వారానికి తెలిసింది, ఆ మిగిలిన శక్తితోనే మళ్లీసారి లోపలికి వెళ్లాలని.

అద్భుతాలేమీ జరగలేదు. మిగిలిన ఆటల్లో రెండు గెలిచాం, ఒకటి సమం చేశాం, అడుగు నుంచి రెండో స్థానంలో సీజన్ ముగించాం. కానీ నా స్నేహితురాలి లైన్ మాత్రం చూడటానికి పండగలా ఉండేది. ముగ్గురూ ఒకరి మనసు ఒకరు చదివినట్టు ఆడేవారు. అత్తయ్య వాళ్ల వరుసలో సున్నాలు పెట్టీ పెట్టీ పెన్సిల్ చెక్కుకోవాల్సి వచ్చేది. నాకు చివరి ఆట రోజు మార్కులు చెప్పింది: "పాసయ్యావు. బొటాబొటి."

సీజన్ అయ్యాక పై డివిజన్ టీమ్ ఒకటి ఆడేవాళ్ల కోసం వెతుకుతోంది. మా కెప్టెన్ వాళ్లకి నా స్నేహితురాలి పేరు చెప్పి, నేను పంపిన పట్టిక కూడా చూపించింది. వాళ్లు పిలిచారు.

ఆమె ఆ విషయం చెప్పడానికి మా ఇంటికి వచ్చింది. అత్తయ్య అప్పటికి కాకినాడ వెళ్లిపోయింది. వంటింట్లో ఇద్దరమే నిలబడి ఉన్నాం.

"నీ నంబర్లు చూసే పిలిచిన్రు. పోనా?" అని అడిగింది.

నిజం చెప్పాలంటే నాకు కడుపు మండింది. ఆమెకి స్కేట్లు కట్టించి ఐస్ మీద నిలబెట్టిందాన్ని నేను. మొదటి రోజు గోడ పట్టుకుని నడిపించిందాన్ని నేను. ఇప్పుడు నేను వేసిన లెక్కే ఆమెని నాకు అందని చోటికి పంపుతోంది. ఒక్క క్షణం, ఆరు వారాల డేటా చాలా తక్కువ, దాన్ని నమ్ముకోవద్దు అని చెబుదామని నోటిదాకా వచ్చింది. స్టాటిస్టిక్స్ ప్రకారం ఆ మాట తప్పు కూడా కాదు.

"పో" అన్నాను. "వాళ్ల దగ్గర బెంచీ మీద ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తుందేమో."

"కూసుంటా తియ్. నీ పక్కన ఆడి ఆడి మస్తు స్టామినా వచ్చింది నాకు" అంది.

ఆమె ఆటలు శనివారాలు. మొదటి ఆటకి వెళ్లాను. అక్కడి పిల్లలు మాకన్నా పదేళ్లు చిన్నవాళ్లు, రెండింతలు వేగం. ఆమె మొదట్లో రెండుసార్లు పడింది, తర్వాత సర్దుకుంది. ఆట చివరి భాగంలో ఆమె ఇచ్చిన పాస్‌తో గోల్ పడింది. నేను లేచి అద్దం మీద అరచేతులతో బాదితే పక్కావిడ కాఫీ ఒలికింది. క్షమాపణ చెప్పి ఇంకో కాఫీ తెచ్చిచ్చాను. ఆట అయ్యాక ఆమె తడి జుట్టుతో, భుజాన పెద్ద బ్యాగ్‌తో బయటికి వచ్చింది.

"ఎట్లాడిన?"

"లెక్క రాయలేదు. బాగా ఆడావు" అన్నాను. బ్యాగ్‌కి ఇటువైపు నేను పట్టుకున్నాను, ఇద్దరం కలిసి కార్ దాకా మోసుకెళ్లాం. ఆ బ్యాగ్ కూడా కంపు కొడుతోంది.